తుది జాబితాలో పేరుంది, సభకు పోవాలా అక్కా?

ప్రశ్న:

అక్కా, మాది పలమనేరు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు, చుడీదార్లు కుడతాను. వయసు 32. మా ఊరి మాటల్లో రాసుకున్న 12 కథల్ని పోయినేడు పుస్తకంగా వేసుకున్నాం. మా ఆయన చీటీ ఎత్తి డబ్బులిచ్చినాడు. 500 కాపీలు వేస్తే సగానికి పైగా ఇంకా మంచం కిందనే ఉన్నాయి. ఇప్పుడు ఒక కథా పురస్కారానికి ఐదు పుస్తకాలతో తుది జాబితా వేసినారు, అందులో నాది కూడా ఉంది. గెలిచింది ఎవరనేది తిరుపతిలో సభలోనే చెప్తారంట, ఐదుగురూ రావాలని ఫోన్ చేసినారు. ఆ సంతోషం నాకు నిలవలేదక్కా. మా అత్త, వదిన వాళ్ళు, మరిది అంతా బాడుగకు సుమో మాట్లాడుకుని వస్తామంటున్నారు. వాళ్ళందరి ముందర నా పేరు చదవకపోతే ముఖం ఎక్కడ పెట్టుకునేది? జాబితాలో ఒక పెద్దాయన ఉన్నారు. నేను బడికి పోయే రోజుల నుంచి ఆయన కథలు చదువుతున్నా. మిగిలిన ముగ్గురి పుస్తకాలు నేను చూడను కూడా లేదు. ఆ పెద్దాయనతో పోటీగా కూర్చోవడం మర్యాదేనా? తప్పుకుంటున్నానని రాసిచ్చేదా? ఇవన్నీ ముందే మాట్లాడుకునేసి ఉంటారు, కుర్చీలు నిండేదానికి మిమ్మల్ని పిలుస్తారని మా వీధిలో ఒకాయన అన్నాడు. వేదిక మీద ఒక పేజీ చదవాలంట. నా యాసకు నవ్వుతారేమో. పోవాలా వద్దా చెప్పండి. నన్ను మీరు అనొద్దు, నువ్వు అనే రాయండి.

సమాధానం:

చెల్లీ, తప్పకుండా పోయి రా. నీ భయాల్లో కొట్టిపారేయదగింది ఒక్కటీ లేదు. కొన్నిటికి మందు ఉంది, కొన్నిటిని ఆ సాయంత్రం భరించక తప్పదు. ఏది ఏదో విడదీసి చెప్తాను.

ముందుగా, నీకు ఇంత కలవరం ఎందుకొచ్చిందో చూడు. మన దగ్గర పురస్కార సభ అంటే ఎవరికిచ్చేదీ ముందే తేలిపోయి ఉంటుంది. పేపర్లో పేరొస్తుంది, ఆహ్వానపత్రికలో ఫోటో పడుతుంది, ఆ రోజు శాలువా కప్పి జ్ఞాపిక చేతికిచ్చి సన్మానపత్రం చదువుతారు. కేంద్ర సాహిత్య అకాడెమీ పద్ధతి కూడా అదే. పేర్లు ప్రకటించిన కొన్నాళ్ళకు ఢిల్లీలో ప్రదానం జరుగుతుంది. పాకాల దగ్గరి దామలచెరువులో బడిపంతులుగా ఉంటూ కథలు రాసిన మధురాంతకం రాజారాం గారికి 1993లో ఆ అవార్డు వచ్చింది. ఆయన కుమారుడు నరేంద్ర గారికి 2022లో వచ్చింది. ఒకే ఇంట్లో తండ్రీకొడుకులిద్దరికీ అకాడెమీ అవార్డు రావడం మన చిత్తూరు సీమకు ఎంత గొప్ప! వాళ్ళు ఆ సభకు పోయింది, ఇస్తున్నారని తెలిసిన తర్వాతే. ఐదుగుర్ని కూర్చోబెట్టి అక్కడికక్కడ ఒక పేరు చదివే పద్ధతి తెలుగువాళ్ళకు కొత్త. అందుకే ఎట్లా కూర్చోవాలో, ఇంటివాళ్ళు ఏమనాలో, రాకపోతే ఏం చెయ్యాలో మనకు ఆనవాయితీ లేదు. నీ కలవరంలో సగం అదే.

ఆ పద్ధతి పాతబడిన చోట తుది జాబితాను కూడా గౌరవంగానే లెక్కపెడతారు. 2025 మే 20న లండన్‌లోని టేట్ మోడరన్‌లో, ఇంగ్లీషులోకి అనువాదమైన పుస్తకాలకిచ్చే అంతర్జాతీయ బుకర్ బహుమతి ప్రకటించారు. మన పక్క రాష్ట్రం హాసన్‌కు చెందిన కన్నడ రచయిత్రి బాను ముష్తాక్, అనువాదకురాలు దీపా భాస్తి గెలుచుకున్నారు. ఒక కథల పుస్తకానికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. కథలు రాసే మనకు అది ఇంటి పండగ. గెలిచిన పుస్తకానికి 50,000 పౌండ్లు. అయితే తుది జాబితాలోని ఆరు పుస్తకాల్లో ప్రతిదానికీ 5,000 పౌండ్లు ఇస్తారు, రచయితకూ అనువాదకులకూ సగం సగం. అంటే జాబితాలోకి రావడమే ఒక బహుమతి అని అక్కడ నిర్వాహకులే ఒప్పుకుంటున్నారు. నిన్ను పిలిచినవాళ్ళు డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా సంగతి అంతే. వచ్చిన పుస్తకాలన్నీ చదివి ఐదింటిని పక్కన పెట్టినప్పుడు అందులో నీది ఉండింది. ఆ తర్వాత ఏ పేరు చదివినా ఆ చదువు వెనక్కిపోదు.

నేనూ అట్లాంటి ఒక జాబితాలో ఉండి, మా అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, హాల్లో రెండో వరసలో ఎదురుచూసినదాన్నే. నా పేరు చదవలేదు. అది ఎట్లా ఉంటుందో దాచకుండా చెప్తాను, ముందే తెలిసి ఉంటే నీకు మేలు.

బహుమతి ప్రకటన చివర్లో ఉంటుంది. దానికి ముందు దీపం, ప్రార్థన, అతిథుల ప్రసంగాలు. అవి సాగుతున్నంతసేపూ నా అరచేతులు తడిగానే ఉన్నాయి. తర్వాత న్యాయనిర్ణేతల్లో ఒకరు లేచి ఐదు పుస్తకాల గురించీ మాట్లాడారు. నా పుస్తకం దగ్గరికొచ్చి, అందరూ పొగిడిన కథను వదిలేసి, చివరి కథలో రెండు పేజీల్లో వచ్చిపోయే ఒక ముసలామె గురించి చెప్పారు. ఆమె అన్నం గిన్నె బోర్లించే తీరు చూస్తే ఆ ఇంట్లో ఎన్నాళ్ళుగా కరువుందో తెలుస్తోందన్నారు. నా పుస్తకానికి అంతవరకు సమీక్ష లేదు. దాన్ని అంత దగ్గరగా చదివిన మనిషి, ఆ మాటను నిండు సభలో చెప్పడం అప్పుడే మొదటిసారి విన్నాను. ఆ ముసలామెను మా అమ్మ గుర్తుపట్టి నా చెయ్యి నొక్కింది. మా నాయనమ్మే ఆమె. చెల్లీ, నీ పుస్తకం గురించి కూడా అక్కడ ఎవరో ఒకరు మాట్లాడతారు. అప్పుడు పేరొస్తుందా రాదా అనే ఆలోచనలో మునిగిపోయి ఆ మాటలు జారవిడుచుకోవద్దు. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని రాసుకో. ఇంటికి తెచ్చుకోవాల్సిన వాటిలో అదే విలువైనది.

తర్వాత పేరు చదివారు. చెవులు వేడెక్కాయి. పక్కనున్న అమ్మ ముఖం చూడబుద్ధి కాలేదు. కెమెరా పట్టుకున్న కుర్రాడు ఐదుగురి ముఖాలూ వెతుకుతున్నాడు. అయినా నేను కొట్టిన చప్పట్లు నిజమైనవే, ఎందుకంటే గెలిచిన పుస్తకాన్ని నేను అంతకుముందే చదివి ఉన్నాను. అందులో ఒక కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే సభ అయిపోగానే ఆ రచయిత దగ్గరికి పోయి శుభాకాంక్షలతో ఆగకుండా, ఆ కథలో నన్ను పట్టుకున్న చోటు ఏదో చెప్పగలిగాను. ఆయన ముఖంలో వచ్చిన వెలుగు శాలువా కప్పినప్పుడు రాలేదు. అప్పటినుంచి ఈరోజు వరకు మేం ఒకరి కథలు ఒకరం అచ్చుకు ముందే చదువుతాం.

నీకు చెప్పాలనుకున్న అసలు మాట ఇదే. మిగిలిన ముగ్గురి పుస్తకాలు చూడనే లేదని రాశావు. సభ రోజు వచ్చేలోపు ఆ మూడూ చదివి పో. పెద్దాయన పుస్తకాన్ని కూడా ఇంకోసారి చదువు. అవి చదవకుండా పోతే, మిగిలిన నాలుగు పేర్ల మధ్య నీ పేరు వస్తుందా రాదా అని మాత్రమే చూస్తూ కూర్చుంటావు. చదివి పోతే, ఏ పుస్తకానికి వస్తే సంతోషమో, దేనికి వస్తే ఎందుకు బాధో నీకే ఒక అభిప్రాయం ఉంటుంది. ఒకవేళ నీ పుస్తకంకంటే తక్కువదనిపించిన దానికి వస్తే బాధ కలుగుతుంది. అయినా అది పుస్తకాలు తెలిసిన మనిషి బాధ. వారంలోపల దాన్ని మోసుకుని మళ్ళీ కథ రాయడానికి కూర్చోగలవు.

అంత చేసినా ఆ రాత్రి ఏడుపు రావచ్చు, నాకూ వచ్చింది. ఈర్ష్య కూడా వస్తుంది. రాత్రుళ్ళు మిషన్ ఆపేసిన తర్వాత ఏళ్ళతరబడి కూర్చుని రాసిన మనిషికి ఆ మాత్రం రాకుండా ఎట్లా ఉంటుంది? వచ్చిందని నిన్ను నువ్వు తిట్టుకోవద్దు. ఆ రాత్రి మాత్రం ఫోన్‌లో ఏమీ రాయకు. న్యాయనిర్ణేతల గురించి కానీ, గెలిచినవాళ్ళ గురించి కానీ, నీ మనసులో బాధ గురించి కానీ ఒక్క ముక్క కూడా పెట్టకు. తెల్లారితే ఆ మాటల్ని నువ్వు తీసేసినా చూసినవాళ్ళ మనసుల్లో ఉండిపోతాయి.

ఇక పెద్దాయన. తప్పుకుంటున్నానని రాసివ్వడం మర్యాద అనిపిస్తోంది నీకు. నాకు అట్లా అనిపించడం లేదు. ఆయన కూడా తన పుస్తకాన్ని పంపారు, తన పుస్తకాన్ని నీ పుస్తకం పక్కన పెట్టి చూడమని ఒప్పుకునే పంపారు. నువ్వు తప్పుకుంటే, గెలిచినా ఆయనకు ఆ గెలుపు నిండుగా ఉండదు. పైగా నీ 12 కథల్లో ఉన్న మనుషుల్ని, నీ ఊరి వాళ్ళని, అడగకుండానే వేదిక మీదనుంచి దింపేసినట్టవుతుంది. ఆయన కనిపించినప్పుడు దండం పెట్టు, బడి రోజుల్లో చదివిన కథ ఏదో పేరుతో సహా చెప్పు. పెద్ద రచయితలకు కూడా అట్లా చెప్పేవాళ్ళు చాలా తక్కువమంది దొరుకుతారు. ఆ తర్వాత పోయి నీ కుర్చీలో కూర్చో.

మీ వీధి ఆయన మాటకు వద్దాం. పైరవీలతో నడిచే పురస్కారాలు లేవని నేను చెప్పను. ఉన్నాయి, అందరికీ తెలుసు. కానీ నిన్ను పిలిచినవాళ్ళు అట్లాంటివాళ్ళో కాదో ఆయనకూ తెలియదు, ఊరికే అన్నాడు. నువ్వు చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. న్యాయనిర్ణేతల పేర్లు బయటపెట్టారా, వాళ్ళు చదివే అలవాటున్న మనుషులేనా, వాళ్ళ ఇంటివాళ్ళ పుస్తకమో శిష్యుల పుస్తకమో జాబితాలో ఉందా, గతంలో గెలిచిన పుస్తకాలు నువ్వు చదివితే ఎట్లా అనిపించాయి. వీటన్నిటికంటే ముందు చూడాల్సింది డబ్బు. నమోదు రుసుమనో, శాలువా ఖర్చులనో, జ్ఞాపిక కోసమనో నీ దగ్గర రూపాయి అడిగినా ఆ సభకు పోవద్దు. ఈ మధ్య అట్లా ఫోన్లు చేసి, డబ్బు కట్టించుకుని బిరుదులిచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. కొత్తగా రాసే ఆడవాళ్ళకూ పల్లెటూళ్ళ టీచర్లకూ ఆ ఫోన్లు ఎక్కువగా వస్తున్నాయి. చూస్తుంటే నాకు కడుపు మండుతుంది. నీ ఉత్తరంలో డబ్బు మాట లేదు కాబట్టి ధైర్యంగా ఉన్నాను.

ఇంటివాళ్ళ సంగతి అన్నిటికంటే చిక్కు. వాళ్ళు రావడం మంచిదే. చీటీ ఎత్తి పుస్తకం వేసిన మనిషి ఆ హాల్లో లేకపోతే ఎట్లా? మీ ఆయనా పిలకాయలూ రానీ, అత్త కూడా రానీ. సుమో మాత్రం వద్దని చెప్పు. బండి నిండా మనుషులొస్తే పండక్కి పోయినట్టు పోతారు, తిరిగొచ్చేటప్పుడు ఆ నిరాశ మొత్తం నీ ఒక్కదాని మీద పడుతుంది. తిరుపతి నుంచి బెంగళూరు పోయే బస్సులు చిత్తూరు, పలమనేరు మీదుగానే పోతాయి, రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. సభ ఎంత ఆలస్యమైనా 110 కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా ఇంటికి చేరతారు. రాత్రికి అక్కడే ఉండాలనుకుంటే గది ముందుగానే చూసుకోండి. సెలవు రోజుల్లో కొండకు వచ్చే జనంతో తిరుపతిలో గది దొరకడం కష్టం.

బయలుదేరే ముందు రోజు రాత్రి అందర్నీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పు. "ఐదుగురిలో ఒకరికే వస్తుంది. నాకు రాకపోతే ఎవరూ అన్యాయం జరిగిందనొద్దు, నీకే రావాల్సిందనొద్దు" అని చెప్పు. ప్రేమతోనే అంటారు ఆ మాట. కానీ గెలిచినవాళ్ళ ఇంటివాళ్ళు మూడు కుర్చీల అవతలే ఉంటారు, వాళ్ళకు వినపడుతుంది. వాళ్ళ సంతోషంలో మనం పుల్ల పెట్టినట్టవుతుంది. నీకు కూడా ఆ ఓదార్పు ఆ క్షణంలో తట్టుకోలేనంత బరువుగా ఉంటుంది. మా అమ్మ ఏమీ అనలేదు, బస్సెక్కిన తర్వాత ఆకలేస్తోందా అని అడిగింది. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది. మీ ఆయనకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పి పెట్టు. పిలకాయలు "అమ్మా, నీకు రాలేదా?" అని గట్టిగానే అడుగుతారు. అడగనీ. రాలేదు నాయనా, గెలిచినవాళ్ళ పుస్తకం కూడా బాగుంటుంది, నీకు చదివి వినిపిస్తా అని చెప్పు. పిలకాయలకు అది చాలు.

వేదిక మీద చదవడం గురించి నువ్వెంత భయపడుతున్నావో అంత ధైర్యంగా ఉండాల్సిన సంగతి అది. పలమనేరు మాటల్లో రాసిన కథను పలమనేరు గొంతుతో కాక ఇంకెట్లా చదువుతావు? ఆ మాటల కోసమే కదా నీ పుస్తకాన్ని ఎంచుకున్నారు. వేదిక ఎక్కగానే టీవీలో వార్తలు చదివే భాషలోకి మారిపోతే, కథలోని మనుషులు నీ నోట్లోనే పరాయివాళ్ళయిపోతారు. సంభాషణ ఎక్కువగా ఉన్న పేజీని ఎంచుకో. ముందు జరిగిన కథ చెప్పాల్సిన అవసరం లేని చోటు చూసుకో. ఎన్ని నిమిషాలిస్తారో నిర్వాహకుల్ని అడిగి, ఇంట్లో ఫోన్‌లో టైము పెట్టుకుని బిగ్గరగా చదువు. ఇచ్చిన దానికంటే అర నిమిషం తక్కువే రావాలి, వేదిక మీద మనకు తెలియకుండానే నెమ్మదిస్తాం. పుస్తకంలోని చిన్న అక్షరాలు ఆ దీపాల వెలుతుర్లో తడబెడతాయి కాబట్టి పేజీని పెద్ద అక్షరాలతో విడిగా రాసి పట్టుకుపో. ఎక్కడైనా హాల్లో నవ్వు వినిపిస్తే అది నీ యాసకేనని అనుకోకు. నీ పాత్ర అన్న మాటకు నవ్వి ఉంటారు. ఒక్క క్షణం ఆగి, నవ్వు తగ్గిన తర్వాత తర్వాతి వాక్యం చదువు.

బహుమతి వస్తే రెండు మాటలు మాట్లాడమంటారు. దానికీ ఒక చిన్న కార్డు రాసిపెట్టుకో. ముందే రాసుకుంటే అపశకునం అనుకోవద్దు. కృతజ్ఞతల్లో మీ ఆయన పేరు, ఎవరి మాటలు విని కథలు రాశావో వాళ్ళ పేర్లు, పుస్తకం అచ్చువేసిన ప్రెస్సువాళ్ళ పేరు మర్చిపోకు. రాకపోతే ఆ కార్డు నీ దగ్గరే ఉంటుంది, ఇంటికొచ్చి మీ ఆయనకివ్వు.

చీర గురించి నువ్వు అడగలేదు కాబట్టి ఒక్క మాటే. నీకు అలవాటైనది కట్టుకో, కొత్తది మొదటిసారి ఆ రోజు వద్దు.

కాపీలు మాత్రం మోసుకుపో. మంచం కింద ఉన్నవాటిలో ఒక నలభై సంచిలో వేసుకో. హాలు బయట బల్ల పెట్టుకోనిస్తారా, ఐదుగురి పుస్తకాలూ అమ్మే ఏర్పాటు ఉందా అని ఇప్పుడే ఫోన్ చేసి అడుగు. దారిఖర్చులు ఇస్తారా, నీతో వచ్చే ఒక మనిషికి కూడా ఇస్తారా అన్నది కూడా అదే ఫోన్‌లో అడిగెయ్. అడగడం తప్పు కాదు, వాళ్ళు ఎదురుచూసే ప్రశ్నే అది. కథ విన్నవాళ్ళు పుస్తకం కొనేది ఆ సాయంత్రమే. నువ్వు చదివిన పేజీ నచ్చి బయటికొచ్చి అడిగితే నీ దగ్గర కాపీ ఉండాలి. చిల్లర కూడా పెట్టుకో.

ఇంకో సంగతి నీకు తెలియాలి. ఒక పురస్కారంతో పుస్తకం ఆయుష్షు తీరిపోదు. సాహిత్య అకాడెమీ ఏ సంవత్సరం అవార్డుకైనా దానికి ముందు సంవత్సరాన్ని వదిలేసి, అంతకుముందు ఐదేళ్ళలో మొదటిసారి అచ్చయిన పుస్తకాల్ని చూస్తుంది. 2022 అవార్డుకు 2016 నుంచి 2020 వరకు వచ్చిన పుస్తకాలు చూశారు. పోయినేడు వేసిన నీ పుస్తకానికి ఆ లెక్కన ఇంకా కాలం మొదలే కాలేదు. 35 ఏళ్ళలోపు వాళ్ళకు అకాడెమీ ఇచ్చే యువ పురస్కారం కూడా ఒకటుంది, 2011 నుంచి ఇస్తున్నారు. నీ వయసుకు అది కూడా ఇంకా అందుబాటులోనే ఉంది. ఆ వివరాలు కనుక్కుని పెట్టుకో.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథానిలయానికి నీ పుస్తకం పంపావో లేదో రాయలేదు. తెలుగులో వచ్చిన కథలన్నిటినీ ఒకచోట దాచిపెట్టాలని ఆయన కట్టిన గ్రంథాలయం అది. పంపకపోయి ఉంటే ఈ వారమే ఒక కాపీ పోస్టులో వేసెయ్. అదే రోజు ఆ ముగ్గురి ప్రచురణకర్తలకూ ఫోన్ చేసి పుస్తకాలు తెప్పించుకో. దుకాణాల్లో వెతుకుతూ కూర్చుంటే సభ తేదీ వచ్చేస్తుంది.